ఆదివారం సిర్నిక్ తగువు

మా మిర్హొరోద్‌కి జనం కడుపు బాగుచేసుకోవడానికి వస్తారు. దేశం నాలుగు మూలల నుంచీ వచ్చి శానిటోరియంలో దిగి, ముక్కున్న పింగాణీ కప్పులు పట్టుకుని మా నీళ్ళ మంటపం ముందు వరసలో నిలబడతారు. కుళాయి తిప్పి ఆ కప్పులు నింపే ఉద్యోగం నాది. గోరువెచ్చగా, ఉప్పగా ఉండే ఆ నీళ్ళు కడుపుకి ఏం చేస్తాయో డాక్టర్లే చెప్పాలి. నేను చూసింది మాత్రం చెబుతాను. వచ్చిన కొత్తలో అందరూ తమ కాలేయం గురించే మాట్లాడుకుంటారు. కొన్నాళ్ళకి కాలేయం సంగతి వదిలేసి పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. గడువు తీరాక ఏడుస్తూ రైలెక్కుతారు. ఇల్లు చేరగానే మళ్ళీ కాలేయం గుర్తొస్తుంది.

ఊరివాళ్ళం ఈ భాగోతాన్ని దూరం నుంచి చూసి నవ్వుకుంటాం. మాకెవరికీ ఈ జబ్బు అంటదు. అందుకే మా ఎదురు తలుపు మకార్ కొలిబాబా ఇందులో పడతాడని నేను కల్లో కూడా అనుకోలేదు.

మకార్ ఉద్యోగం చాలాకాలం మా రైల్వే స్టేషన్ మైకు ముందే గడిచింది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఊరంతా వినేలా చెప్పడం అతని పని. గొంతు గురించి వంక పెట్టడానికి లేదు. ఆ గొంతుతో రైలు ఆలస్యమని చెబితే కూడా ఆడవాళ్ళు సంతోషంగా వినేవాళ్ళు. అయితే ఆ గొంతు వెనక ఉన్న మనిషి ఉత్త మొండిఘటం. ప్రతి వస్తువుకీ ఒక్కటే అసలు పేరు ఉంటుందనీ, అది తనకి తెలుసనీ, లోకంలో మిగతావాళ్ళు దాన్ని పాడుచేస్తున్నారనీ అతని నమ్మకం.

పాత సర్కారు రోజుల్లో మా పక్కనున్న బబాచిఖా అనే ఊరికి పేరు మార్చి విప్లవం పేరు పెట్టారు. మకార్ తల్లిది ఆ ఊరు. అతను మైకులో పాత పేరే చెప్పాడు. కొత్త పేరు టికెట్ మీద చూసుకుని వచ్చిన ప్రయాణికులంతా ఇది మన రైలు కాదులే అనుకుని బెంచీల మీద దర్జాగా కూర్చున్నారు. రైలు వెళ్ళిపోయింది. మకార్ గదిలోంచి బయటికొచ్చి, లబోదిబోమంటున్న ఆ జనానికి తాను చెప్పిన పేరే సరైనదని ఓపిగ్గా బోధించాడు. దాంతో అతన్ని తీసుకెళ్ళి సామాన్ల గదిలో పడేశారు. అక్కడ కూడా సంచీలకీ పెట్టెలకీ తేడా చెబుతూ జనాన్ని చంపుకు తిన్నాడని విన్నాను.

రిటైరయ్యాక రైళ్ళు లేకపోయేసరికి ఇంటి మీద పడ్డాడు. ఉదయం తలుపు తీస్తే చాలు, మెట్ల మీద ఆ గొంతు మోగేది.

"దయచేసి గమనించండి! పరాస్కా గారి చెత్తబుట్ట ఇంకా గడప దాటలేదు!"

"నీ నోరు మూతపడ, నీ పని నువ్వు చూసుకోవయ్యా" అనేదాన్ని.

ఇలాంటి మనిషితో నేను అన్నేళ్ళు సఖ్యంగా ఉన్నానంటే దానికి ఒకే కారణం, సిర్నికీలు. ప్రతి ఆదివారం ఉదయం మకార్ సిర్నికీలు వేయిస్తాడు. నాకొక కంచం వస్తుంది. మా మెట్ల మీద ఆ వాసన వచ్చినప్పుడు మూడో అంతస్తు వాళ్ళు కూడా అతని పాపాలు క్షమించేసేవాళ్ళు.

పాలు పులిసి విరిగాక గుడ్డలో వేలాడదీస్తే మిగిలే తెల్లటి జున్ను ఉంటుంది కదా, అదీ ముడిసరుకు. శనివారం సంతలో హోర్పీనా అనే పల్లెటూరావిడ దగ్గర కొంటాడు. ఆవిడ చెంచాతో చిటికెడు తీసి చేతి వెనక పెడుతుంది, నాకి చూసి కొనాలి. మకార్ నాకి, కళ్ళు మూసుకుని, ఆవు ఆ వారం ఏం మేసిందో కూడా చెప్పినట్టు ముఖం పెడతాడు. ఇంటికొచ్చాక జున్నుని గుడ్డలో బిగించి పైన ఇస్త్రీపెట్టె బరువు పెడతాడు. తడి మిగిలితే పిండి ఎక్కువ పట్టుద్ది, పిండి ఎక్కువైతే అది సిర్నిక్ కాదు రొట్టె అంటాడు. తెల్లారాక జల్లెడలో రుద్ది, గుడ్డు కొట్టి, ఉప్పు, పంచదార, ఏదో మొహమాటానికన్నట్టు కాస్త పిండి వేసి, అరచేతుల్లో బిళ్ళలు చేసి, పిండిలో పొర్లించి పెనం మీద పెడతాడు. రెండు వైపులా ఎర్రగా వేగాక పైన పుల్లమీగడ. లోపల మెత్తగా, అంచున కరకరలాడుతూ ఉంటాయి. నేను మామూలుగా మనుషుల్ని మెచ్చుకునే రకం కాదు, కానీ ఆ విషయంలో మాత్రం వాడికి సాటి లేరు.

ఈ విద్య అతనికి పుట్టుకతో రాలేదు. భార్య మోత్రియా ఆరోగ్యంగా ఉన్నంత కాలం మకార్‌కి పెనం ఏ వైపు నుంచి పట్టుకోవాలో కూడా తెలియదు. ఆవిడకి జబ్బు చేసి, ఏది తిన్నా కడుపులో నిలవని చలికాలంలో, కాస్తంత సిర్నిక్ మాత్రం నిలిచేది. అప్పుడావిడ వంటింట్లో కుర్చీ వేయించుకుని, శాలువా కప్పుకుని కూర్చుని, మొగుడికి ఒక్కొక్కటీ చెప్పి చేయించింది. గోడకి ఇవతల నాకు అన్నీ వినిపించేవి. "అదిగో, కదపకు. ఎందుకు కదుపుతావు? రైలా అది, కదలడానికి?" అని నీరసంగా నవ్వేది. మొదట్లో అతను చేసినవి కుక్క కూడా ముట్టేది కాదు. మోత్రియా తినేది. వసంతానికి బాగా వచ్చాయి. అప్పటికి ఆవిడ లేదు.

నేను దీన్ని ఎవరికీ చెప్పలేదు. మకార్ కూడా చెప్పడు. అడిగితే సిర్నిక్ అనే మాట 'సిర్' నుంచి పుట్టిందనీ, సిర్ అంటే జున్నేననీ, రష్యా వైపు వాళ్ళు ఆ మాటకి వేరే అర్థం తగిలించి నాశనం చేశారనీ ఉపన్యాసం ఇస్తాడు. మనసులో ఉన్నది దాచుకోవడానికి ఉపన్యాసం ఇచ్చే మగవాళ్ళని చాలామందిని చూశాను.

ఇక స్తెఫానియా గారు.

ఆవిడ ల్వీవ్ నుంచి వచ్చారు. టోపీ, చేతికి లేసు గ్లౌజులు, వెన్ను నిటారు. కుళాయి దగ్గర కప్పు నా చేతికివ్వడంలో కూడా ఒక ఠీవి. కప్పు చేతిలో పెడుతూనే తాను ముప్పై ఏళ్ళకి పైగా ఒపెరాలో ఉన్నానని చెప్పారు. నేను పాటగత్తె కాబోలు అనుకుని మర్యాదగా నీళ్ళు నిండుగా పోశాను. తర్వాత తెలిసింది, ఆవిడ ఉద్యోగం కోట్లు దాచే గదిలో. జనం విప్పి ఇచ్చిన కోట్లకి బిళ్ళలిచ్చి, ఆట అయ్యాక తిరిగి ఇచ్చేవారు. అయినా పాటలన్నీ గోడలోంచి విన్నారు కదా, ఆ లెక్కన నేనూ మకార్ వంటింట్లో ఉన్నట్టే.

ఆవిడ భర్త పోయి చాలాకాలమైంది. పిత్తాశయం పాడై వచ్చారు. డాక్టరు ఐదో నంబరు పథ్యం రాశాడు. అంటే ఉడికినది, ఆవిరి పట్టినది, రుచి లేనిది. వేపుడు కంటితో కూడా చూడకూడదు.

మకార్ రోజూ సాయంత్రం మంటపానికి వచ్చేవాడు, నీళ్ళ కోసం కాదు, వచ్చినవాళ్ళ ఊళ్ళ పేర్లు సరిచెయ్యడానికి. ఆ సాయంత్రం ఆవిడ పక్కన నిలబడి మా ఊరి పేరు ఎలా పలకాలో చెప్పాడు. ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసి, "మీ గొంతు బావుంది. మాటలు తగ్గిస్తే ఇంకా బావుంటుంది" అన్నారు.

మకార్ నోరు మూసుకున్నాడు! నా చేతిలో కప్పు పొంగిపోయింది.

అప్పట్నుంచి ఇద్దరూ నది ఒడ్డున నడక. మంటపంలో నా కిటికీ ముందు బెంచీ మీద కబుర్లు. మకార్ గడ్డం రోజూ గీసుకునేవాడు. మెట్ల మీద ప్రకటనలు ఆగిపోయాయి. చెత్తబుట్ట గడప లోపల ఉన్నా ఎవరూ అడగలేదు. నాకు నిజంగా దిగులేసింది.

ఆవిడ వెళ్ళిపోయే రోజు దగ్గరపడింది. సోమవారం సాయంత్రం రైలు. బెంచీ మీద మకార్ టోపీ చేతిలో నలుపుతూ అడిగేశాడు. నేను కిటికీ దగ్గర కప్పులు తుడుస్తున్నాను. తుడిచినవే తుడుస్తున్నాను.

"స్తెఫానియా గారూ, ఆ రైలు మీరు ఎక్కకపోతే ఏమవుతుంది?"

"నా సీట్లో ఇంకెవరైనా కూర్చుంటారు."

"అది కాదండీ. ఇక్కడే ఉండిపోతే. నా ఇంట్లో. పద్ధతిగానే, రిజిస్ట్రారు దగ్గరికి వెళ్ళి."

ఆవిడ గ్లౌజు సరిచేసుకున్నారు. "మకార్ గారూ, నేను పెద్దదాన్ని. ఒకసారి పెళ్ళి చేసుకున్నాను. ఆయన మంచివారే, కానీ ఆదివారం పొద్దున ఎంతసేపటికీ పడుకునే ఉండేవారు, నేనొక్కదాన్నే లేచి అన్నీ చేసేదాన్ని. మా ఇంట్లో ఆదివారం పొద్దున సిర్నిక్ లేనిదే కాఫీ లేదు. ఒక్కసారైనా ఎవరైనా నాకు చేసిపెడితే బావుండునని..."

మకార్ లేచి నిలబడ్డాడు. "సిర్నికా! సిర్నిక్ అన్నారా మీరు?"

"అన్నాను. ఏం?"

"అమ్మా, ఈ ఊళ్ళో అడగండి. జిల్లాలో అడగండి! ఆ పరాస్కాని అడగండి, ఎలాగూ వింటూనే ఉంది!"

నేను కిటికీలోంచి తల బయట పెట్టి, వాడు చెప్పింది నిజమేనని సాక్ష్యం చెప్పాను.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. మగవాడు సిర్నిక్ చెయ్యడం ల్వీవ్‌లో కూడా వినలేదన్నారు. ఆదివారం ఉదయం వస్తాననీ, రైలు సంగతి ఆ బల్ల దగ్గరే తేల్చి చెబుతాననీ అన్నారు. "డాక్టరుతో కూడా మాట్లాడతాను. పథ్యం ఉన్నా కాల్చినది కాస్త తినొచ్చేమో."

ఇక్కడ చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. ల్వీవ్ వైపు సిర్నిక్ అంటే వేయించేది కాదట. జున్నుతో చేసి ఓవెన్‌లో కాల్చే పెద్ద కేకట. అందులో బోలెడు గుడ్లు, ఉడికించి తురిమిన బంగాళాదుంప, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, పైన చాక్లెట్ పూత. ముందురోజు చేసి చల్లారబెట్టి మర్నాడు కోసుకుని తింటారట. ఒకే దేశం, ఒకే మాట, ఒకే జున్ను. వస్తువు మాత్రం వేరు. ఇది మకార్‌కీ తెలియదు, నాకూ తెలియదు. ఆవిడకి మా సంగతి అసలే తెలియదు. ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఒకే వంటకం గురించి మాట్లాడుకుంటున్నామనుకుని ఆనందపడ్డారు.

"ఎన్ని గుడ్లు వేస్తారు?" అని ఆవిడ.

"ఒకటి. మరీ పండగైతే రెండు."

"ఒకటా!" ఆవిడ తలూపి, "పొదుపరులన్నమాట. నేను పది వేస్తాను" అన్నారు.

మకార్ మింగలేక కక్కలేక నవ్వాడు. "మరి... పిండి?"

"పిండి దాదాపు ఉండదు. బంగాళాదుంపే పట్టి ఉంచుతుంది కదా."

"ఎవరండీ పట్టి ఉంచేది?"

"బంగాళాదుంప."

"ఆహా" అన్నాడు మకార్. జీవితంలో మొదటిసారి అతను ఎదుటివాళ్ళ తప్పుని వదిలేయడం చూశాను. ప్రేమ అనేది మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

ఆవిడ ఇంకా ఏవేవో చెప్పి వెళ్ళాక, ఆ సాయంత్రమే మా తలుపు కొట్టాడు.

"పరాస్కా, ఆవిడ సిర్నిక్‌లో బంగాళాదుంప వేస్తుందట. చల్లారాక తింటుందట. మర్నాడు! పైన చాక్లెట్ పోసుకుని!"

"ఒపెరా మనుషులయ్యా. వాళ్ళ అలవాట్లు వాళ్ళవి."

"కాదే, ఆలోచించు. ఇంత చదువూ సంస్కారం ఉన్న మనిషి, పాపం ఇన్నేళ్ళుగా నిన్నటి సిర్నికీలు చల్లారినవి తింటోంది. వేడివి ఎలా ఉంటాయో కూడా తెలియదు ఆ తల్లికి." అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "లేకపోతే నన్ను పరీక్షిస్తోందంటావా? తప్పు చెప్పి, నేను సరిదిద్దుతానో లేదో చూస్తోందా?"

"అలా అయితే నువ్వు తప్పావు."

"తప్పానా?"

"నాకేం తెలుసయ్యా! జున్ను తెచ్చావా?"

శనివారం సంతలో అతని వెంట నేనూ వెళ్ళాను. హోర్పీనా చేతి వెనక పెట్టిన జున్ను నాకి, ఇది కాదన్నాడు. ఇంకో గిన్నె. అదీ కాదన్నాడు. చివరికి హోర్పీనా, "ఇదేమన్నా పెళ్ళిచూపులా?" అని విసుక్కుంది. మకార్ చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆవిడ ఆ ముఖం చూసి, అడుగున దాచిన గిన్నె తీసి మారుమాట్లాడకుండా ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే నన్ను కూడా రమ్మన్నాడు. ఒంటరి మగాడి ఇంటికి ఆడమనిషి ఒక్కతే వస్తే మెట్ల మీద మాటలొస్తాయట. ఆ మాటలు పుట్టించేదాన్ని నేనే కాబట్టి నన్ను లోపల కూర్చోబెడితే గొడవ ఉండదని అతని ఆలోచన. తెలివితక్కువ ఆలోచనేం కాదు.

వంటిల్లు కడిగినట్టుంది. కొత్త బల్లగుడ్డ. మకార్ చొక్కా మీద మోత్రియా కుట్టిన ఏప్రన్ వేసుకుని, అట్లకాడ పట్టుకుని, స్టేషన్‌కి మంత్రిగారు వస్తున్నప్పటిలా నిలబడ్డాడు. మొదటి వాయి తీసి కంచంలో పెట్టి మూత వేశాడు. బంగారు రంగు. రెండో వాయి పెనం మీద పెట్టి మూత వేస్తుండగా గంట మోగింది.

స్తెఫానియా గారు కాఫీ పొట్లంతో, కొత్త టోపీతో వచ్చారు. కూర్చుని గ్లౌజులు విప్పి, బల్లంతా ఒకసారి చూశారు.

"కత్తి పెట్టలేదే?"

"కత్తా? పెడతానండీ." మకార్ కత్తి తెచ్చాడు. వేడి సిర్నిక్‌ని కత్తితో కోసేవాళ్ళుంటారా అన్నట్టు నా వైపు చూశాడు. ఒపెరా, అని నేను కళ్ళతోనే చెప్పాను.

"నిన్ననే చేసి ఉంచారా?"

"అయ్యో, నిన్నటివి మీకు పెడతానా! ఇప్పుడే. ఇదిగో, ఇంకా అవుతున్నాయి."

"అవుతున్నాయా?" ఆవిడ గాలి పీల్చారు. "నూనె వాసన వస్తోంది. మరి సిర్నిక్ ఎక్కడ?"

"పొయ్యి మీద."

"పొయ్యి మీదా? లోపల కదా?" అంటూ, పెద్దమనిషి మతిమరుపుకి జాలిపడ్డట్టు నవ్వి, లేచి వెళ్ళి ఓవెన్ తలుపు లాగారు.

మా ఊళ్ళో ఓవెన్‌లో ఎవరూ ఏదీ కాల్చరు. అందులో గిన్నెలు దాస్తారు. మకార్ ఇంట్లో ఉన్న పెనాలు, మూతలు, చిల్లుపడ్డ జల్లెడ, మాంసం రుబ్బే మర, అన్నీ ఒక్కసారిగా ఆవిడ కాళ్ళ మీద పడ్డాయి. చప్పుడు ఆపమని కింది అంతస్తు వాళ్ళు గొట్టం మీద కొట్టారు.

మకార్ గాభరాగా కంచం మీద మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు. "ఇవిగోనండీ, ఇవిగో! దయచేసి గమనించండి!"

ఆవిడ గమనించారు. చాలాసేపు.

"ఇవేమిటి?"

"సిర్నికీలు."

"కాదండీ. ఇవి జున్ను అట్లు."

నేను ఒక సిర్నిక్ తీసుకుని నోట్లో వేసుకున్నాను. తగువు ఎంతసేపు సాగుతుందో ఎవరు చెప్పగలరు?

"అట్లా?" అన్నాడు మకార్. స్టేషన్ గొంతు వచ్చేసింది. "అమ్మా, అట్టంటే పల్చని పిండి పోసి తిప్పేది. ఇది చేత్తో చేసేది. దీని పేరు సిర్నిక్. సిర్‌తో చేస్తారు గనక సిర్నిక్. మా అమ్మమ్మ పుట్టకముందు నుంచీ!"

"మా అమ్మమ్మ చేసిన సిర్నిక్ ఇంత ఎత్తుండేది! పైన చాక్లెట్ అద్దంలా మెరిసేది! ల్వీవ్‌లో పసిపిల్లనడిగినా చెబుతుంది సిర్నిక్ అంటే ఏమిటో."

"మీ ల్వీవ్‌లో బంగాళాదుంప కూడా సిర్నికే కదండీ!"

"మీ పోల్తావా జిల్లాలో నూనెలో వేగనిది తిండిలా కనబడదు కాబోలు! నా పిత్తాశయం చూసుకోవద్దూ? డాక్టరుని బతిమాలి కాల్చినదానికి ఒప్పించుకుని వచ్చాను. మీరేమో నాకు వేపుడు పెడుతున్నారు."

"నేను కాల్చడమని ఎప్పుడన్నాను?"

"సిర్నిక్ అన్నారు!"

"అదే కదా చేశాను!"

"కాదు!"

అప్పుడు నాకు అర్థమైంది. ఇద్దరూ ఒకే పేరుతో రెండు వస్తువులు చెబుతున్నారు. ఆ సంగతి అరిచి చెప్పాను. ఎవరూ వినలేదు. నిజానికి మకార్‌కి కూడా ఆ క్షణంలో అర్థమైందనే నా అనుమానం, కానీ అర్థమైనంత మాత్రాన తగ్గే మనిషా? అసలు పేరు ఒక్కటే ఉంటుందిగా. ఇక ఆవిడేమో రాజధాని కాకపోయినా రాజధాని కన్నా గొప్పదైన ఊరి నుంచి వచ్చిన మనిషి. ఇద్దరూ ఒక్క జున్ను ముద్ద కోసం రెండు రాజ్యాల రాయబారుల్లా నిలబడ్డారు. మధ్యలో నేను రెండోది తిన్నాను.

స్తెఫానియా గారు గ్లౌజులు తీసుకున్నారు. "మీ తప్పు కాదు లెండి మకార్ గారూ. మీకు నేర్పినవాళ్ళెవరో తప్పు నేర్పారు. వాళ్ళకీ తెలిసి ఉండదు."

చేతిలో ఉన్న మూడోది కంచంలో పెట్టేశాను.

మకార్ చేతిలో అట్లకాడ మెల్లగా కిందికి దిగింది. అంత పెద్ద గొంతున్న మనిషి అలా నిలబడితే చూడలేకపోయాను. నాకు ఆవిడ మీద కోపమొచ్చింది, చెంప మీద కొట్టాలన్నంత కోపం. ఆవిడకి తెలియదు కదా అని ఒక పక్క తెలుస్తూనే ఉంది.

ఆవిడ ముందుగదిలోకి వెళ్ళి కోటు తీసి ఒక చెయ్యి తొడుక్కున్నారు. ఎవరి కోటు వాళ్ళకి అందించి బతికిన మనిషి, తన కోటు మాత్రం తనే తొడుక్కుంటున్నారు. ఆ కోటుతో మెట్లు దిగితే మర్నాడు రైలెక్కడమే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"స్తెఫానియా గారూ." మకార్ గొంతు నాకు కూడా సరిగ్గా వినబడలేదు. "అట్లేనండీ. జున్ను అట్లు. మీరు ఏ పేరు పెడితే ఆ పేరు. బూట్లనండి, బూట్లనే పిలుస్తాను. ఒక్కటి తిని వెళ్ళండి."

ఎన్నేళ్ళ నుంచి తెలుసు నాకు ఈ మనిషి! ఊరి పేరు కోసం మైకు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. నాకు ఏడుపొచ్చింది. అందులో సగం కోపం.

ఆవిడ ఆగి, అతన్ని కాదు, నన్ను చూశారు. నేను చెప్పేశాను. ఎప్పుడూ ఎవరికీ చెప్పనిది.

"వాళ్ళావిడ నేర్పిందండీ. అదిగో, ఆ కుర్చీలో కూర్చుని. ఇంకేం తిన్నా కడుపులో నిలవని రోజుల్లో. ఇవొక్కటే నిలిచేవి."

స్తెఫానియా గారు ఒక చేతికి కోటు వేలాడుతుండగా అలాగే నిలబడ్డారు. నిటారుగా ఉండే ఆ వెన్ను కాస్త వంగింది.

"ఆవిడ వీటినేమనేది?" అని అడిగారు.

మకార్ చేతిలో అట్లకాడ వైపు చూశాడు. మళ్ళీ తగువు మొదలవుతుందని భయపడ్డాడు కాబోలు.

"సిర్నికీలు" అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా.

ఆవిడ కోటు తీసి కుర్చీ మీద పడేశారు. వంటింట్లోకి వచ్చి ముక్కు ఎగబీల్చి, నేరుగా పొయ్యి దగ్గరికి నడిచి పెనం మీద మూత ఎత్తారు. పొగ గుప్పున లేచింది. తగువులో రెండో వాయి సంగతి అందరం మర్చిపోయాం. నల్లటి బిళ్ళలు పెనానికి అతుక్కుపోయి ఉన్నాయి.

స్తెఫానియా గారు మంట తగ్గించి, మకార్ చేతిలో అట్లకాడ లాక్కున్నారు.

"ఆవిడ నేర్పినవి సిర్నికీలు" అన్నారు. "మీరు చేసినవి మాడు. జరగండి."

మకార్ జరిగాడు.